వానా ఎండా కొలుచుకుందాం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావాటికి మూలం అమెరికా నుంచి వచ్చిన ఫోన్లే. పిల్లలు చికాగోలోనో మినియాపొలిస్‌లోనో ఉంటారు. స్నో పడిందని ఫొటో పెడతారు, పక్కన ఏవో అంకెలు రాస్తారు. ఆ అంకెలు అర్థం కాక ఒంగోల్లో, ఆత్మకూరులో ఉన్న పెద్దవాళ్లు నాకు రాస్తారు. వీటికి జవాబు రాయడం నాకు చాలా ఇష్టం. కావలిలో ఫిజికల్ సైన్సు చెప్పిన రోజుల నుంచీ పెరట్లో రెయిన్ గేజ్ పెట్టుకుని రాసుకుంటున్నదాన్ని. అక్కడ స్నో కొలిచేవాళ్లూ ఇక్కడ వాన కొలిచేవాళ్లూ పాటించే నియమాలు చాలావరకు ఒకటే. అందుకే ఈసారి వాటికి ఎక్కువ చోటు ఇస్తున్నాను.

ఒంగోలు నుంచి, రిటైరైన బ్యాంకు ఉద్యోగి: టీచరు గారూ, మా మనవడు మినియాపొలిస్ దగ్గర ఏడో తరగతి చదువుతున్నాడు. పెరట్లో ఒక చెక్క పెట్టి స్నో కొలుస్తాడు. మొన్న ఫోన్లో "తాతయ్యా, ఎనిమిది అంగుళాలు పడింది" అన్నాడు. అంత వాన పడితే మా ఊరు మునిగిపోతుందిరా అన్నాను. "నీళ్లు సున్నా పాయింట్ ఆరు అంగుళాలే తాతయ్యా" అన్నాడు. ఎనిమిదెక్కడ, సున్నా పాయింట్ ఆరెక్కడ? ఇదేం లెక్క?

జవాబు: అన్నయ్య గారూ, మనవడి లెక్క సరిగ్గానే ఉంది. వాడు మీకు రెండు కొలతలు చెప్పాడు. ఎనిమిది అంగుళాలు స్నో ఎత్తు. సున్నా పాయింట్ ఆరు, ఆ స్నోని కరిగిస్తే వచ్చిన నీళ్లు. మన లెక్కలో 15 మిల్లీమీటర్లు. ఒంగోల్లో అరగంట పడి ఆగిపోయే వాన అంత. మిగిలిన ఎత్తంతా స్నో రేకుల మధ్య చిక్కుకున్న గాలి.

పది అంగుళాల స్నోకి ఒక అంగుళం నీళ్లు అని అక్కడ మోటు లెక్క ఒకటి చెప్పుకుంటారు. అది ఒక్కో వానకి... కాదు, ఒక్కో స్నోకి మారిపోతుంది. గాలి సున్నా డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు పడేది తడి స్నో. ఐదారు అంగుళాలకే ఒక అంగుళం నీళ్లు వస్తాయి. పారతో ఎత్తిపోసేవాళ్ల నడుములు పట్టేసేది ఇదే. మబ్బులో మైనస్ 12 నుంచి మైనస్ 18 సెల్సియస్ దాకా ఉన్నచోట పెరిగిన రేకులు కొమ్మలు కొమ్మలుగా విచ్చుకుంటాయి. అవి ఒకదానిమీద ఒకటి పడ్డా సందులు మిగిలిపోతాయి. అలాంటి స్నో ఇరవై అంగుళాలు పడితే గానీ అంగుళం నీళ్లు రావు. మీవాడి స్నో పదమూడుకి ఒకటి చొప్పున ఉంది. అందుకే రెండు కొలతలూ రాయాలి. రోడ్డు మీద స్నో తీసేవాళ్లకి ఎత్తు కావాలి. రైతుకీ, మార్చి ఏప్రిల్ నెలల్లో స్నో కరిగి నదికి వరద వస్తుందేమోనని చూసేవాళ్లకీ నీళ్లు కావాలి.

చెక్క ఎందుకు పెట్టావని మనవణ్ణి అడగండి, సంతోషంగా చెబుతాడు. గడ్డి మీద కొలిస్తే స్నో గడ్డి కొసల మీద ఆగి లేని ఎత్తు చూపిస్తుంది. సిమెంటు మీదైతే నేలలోని వేడికి కొంత కరిగిపోతుంది. అందుకని రెండడుగుల చదరం ప్లైవుడ్ ముక్కకి తెల్లరంగు వేసి, చెట్టుకీ గోడకీ దూరంగా పెడతారు. తెల్లరంగు ఎండని పీల్చుకోదు. రాత్రికి అది స్నో కింద కనపడకుండా పోతుంది కాబట్టి పక్కనే జెండా కట్టిన పుల్ల గుచ్చుతారు. పొద్దున స్కేలు నిలువుగా దింపి అంగుళంలో పదో వంతు దాకా చదివి రాస్తారు. తర్వాత చెక్కని శుభ్రంగా తుడిచి, కొత్త స్నో పైకి తెచ్చి పెడతారు. పాతదీ కొత్తదీ కలిపి నేల మీద ఎంత ఎత్తు ఉందన్నది వేరే గడిలో రాసేది. దానికి పూర్తి అంగుళాలు చాలు.

తుడవడానికి ఒక నియమం ఉంది. నాకు అన్నిటికంటే నచ్చింది అదే. ఆరు గంటల్లో ఒకసారికి మించి చెక్క తుడవకూడదు. స్నో పడిన తర్వాత తన బరువుకి తానే అణుగుతుంది. గంటకోసారి కొలిచి, తుడిచి, అన్నీ కూడితే అణగని ఎత్తులన్నీ కలిసి పెద్ద అంకె వస్తుంది. ఆ అంకెని పక్క ఊరి అంకెతో పోల్చలేం. ఎక్కువ చూపించాలన్న ఆశ ఎవరికైనా ఉంటుంది, ముఖ్యంగా పిల్లలకి. అందరూ ఒకే పద్ధతిలో కొలిస్తేనే ఒక ఊరి అంకె ఇంకో ఊరివాళ్లకి పనికొస్తుంది.

నీళ్లు కొలిచేది నాలుగు అంగుళాల వ్యాసం ఉన్న ప్లాస్టిక్ సిలిండర్‌తో. వానాకాలంలో దాని లోపల సన్న గొట్టం, పైన గరాటు ఉంటాయి. సన్న గొట్టం నోటి వైశాల్యం బయటి సిలిండర్ నోట్లో పదో వంతు. అంగుళం వాన పడితే గొట్టంలో పది అంగుళాలు నిలబడుతుంది కాబట్టి అంగుళంలో నూరో వంతు కూడా చదవొచ్చు. చలికాలం రాగానే గరాటూ గొట్టమూ తీసి ఇంట్లో పెట్టేస్తారు. లేకపోతే స్నో గరాటులోనే ఇరుక్కుంటుంది, నీళ్లు గడ్డకట్టి గొట్టం పగిలిపోతుంది. ఉత్త సిలిండర్‌లో పడిన స్నోని లోపలికి తెచ్చి, కొలిచిన వేడినీళ్లు పోసి కరిగిస్తారు. మొత్తం కొలిచి, పోసినంత తీసేస్తే మిగిలిందే స్నో నీళ్లు.

ఆ సిలిండర్ వాడే వాలంటీర్ల బృందం పేరు కోకోరాస్. అది పుట్టిన కారణం ప్రతి ఊరివాళ్లూ తెలుసుకోవాల్సింది. 1997 జులై 28న కొలరాడోలోని ఫోర్ట్ కాలిన్స్ ఊళ్లో వాన ముంచెత్తింది. ఊరికి ఒక పక్క పద్నాలుగు అంగుళాలకు పైగా కురిస్తే, కొద్ది మైళ్ల దూరంలో రెండు అంగుళాలే. వరదకి ఐదుగురు చనిపోయారు. ఉన్న కొద్దిపాటి వాతావరణ స్టేషన్లతో ఇంత తేడా పట్టుకోలేమని గ్రహించి, మరుసటి ఏడాది 1998లో కొలరాడో స్టేట్ యూనివర్సిటీ వాళ్లు ఇళ్ల పెరళ్లలో గేజ్‌లు పెట్టించారు. ఇప్పుడది అమెరికా అంతా, కెనడా దాకా పాకింది. పిల్లలూ పెద్దలూ రోజూ పొద్దున ఏడు గంటలకి చదివి పంపుతారు. దీనికి చాలా ముందే, 1890 నుంచి అక్కడి వాతావరణ శాఖకి జీతం లేకుండా కొలిచిపెట్టే పరిశీలకులు ఊరూరా ఉన్నారు.

మీవాడి ఊళ్లో ఎంతదాకా పడగలదో తెలుసుకోవాలంటే 1991 చూడండి. ఆ ఏడాది అక్టోబరు 31న మొదలైన తుఫానులో మినియాపొలిస్‌లో 28.4 అంగుళాలు, ఉత్తరాన సరస్సు ఒడ్డున ఉన్న డులూత్‌లో 36.9 అంగుళాలు పడింది. రెండోది దాదాపు 94 సెంటీమీటర్లు, భోజనాల బల్ల కంటే ఎత్తు.

మీరు కూడా ఒంగోల్లో ఒక గేజ్ పెట్టండి అన్నయ్య గారూ. మనవడు చెప్పే నీళ్ల అంగుళాలని 25.4తో గుణిస్తే మిల్లీమీటర్లు వస్తాయి. ఒకే నోటుబుక్కులో ఎడమ పేజీ మీది, కుడి పేజీ వాడిది. జనవరిలో మీ పేజీ అంతా సున్నాలే ఉంటుంది. అయినా రాయండి. ఎందుకో తర్వాతి జవాబులో చెబుతాను.

పొదలకూరు నుంచి, నిమ్మ రైతు: అక్కా, మంచినీళ్ల బాటిల్ కోసి డాబా మీద పెట్టాను. నవంబరులో ఒక రాత్రి కుండపోత. నా బాటిల్లో 52 మిల్లీమీటర్లు. మరుసటి రోజు పేపర్లో మా మండలం పేరు పక్కన 81 అని ఉంది. ప్రభుత్వం వాళ్లది తప్పా, నాది తప్పా?

జవాబు: ఎవరిదీ తప్పు కాకపోవచ్చు తమ్ముడూ. మండలం గేజ్ మీ తోటకి ఎంత దూరంలో ఉందో చూడు. ఈశాన్య రుతుపవనాల వాన మబ్బు తర్వాత మబ్బుగా సముద్రం మీంచి వస్తుంది. ఒక మబ్బు మీ తోట దాటి పక్క ఊరి మీద అరగంట నిలబడితే ఆ మాత్రం తేడా వస్తుంది. కానీ నువ్వు చెప్పినదాంట్లో సరిచేసుకోవాల్సినవి మూడు కనిపిస్తున్నాయి.

ముందు డాబా. డాబా అంచున గాలి పైకి ఎగదన్నుతుంది. దాంతోపాటు చినుకులు బాటిల్ నోటి మీదుగా పక్కకి కొట్టుకుపోతాయి. గాలివానలో అసలు వాన కంటే తక్కువ చూపిస్తుంది. నేల మీద పెట్టు. మన వాతావరణ శాఖ గేజ్ అంచు నేలకి 30 సెంటీమీటర్ల ఎత్తున ఉంటుంది. చెట్టో గోడో ఎంత ఎత్తుందో, కనీసం దానికి రెండింతల దూరంలో ఉండాలి. నిమ్మచెట్ల మధ్య వద్దు, కళ్లం దగ్గర ఖాళీ జాగా మంచిది.

రెండోది బాటిల్. కింద గుంటలు గుంటలుగా ఉండే బాటిల్లో స్కేలు పెట్టి చదివితే లెక్క తప్పుతుంది. నిలువు గోడలున్న పాత్ర ఏదైనా తీసుకో, స్టీలు డబ్బా అయినా సరే. పైనుంచి కిందిదాకా ఒకే వెడల్పు ఉంటే లోపల నిలిచిన ఎత్తే వాన. గరాటు వాడితే మాత్రం లెక్క వేరు. గరాటు నోరు 20 సెంటీమీటర్లు ఉందనుకో, దాని వైశాల్యం 314 చదరపు సెంటీమీటర్లు. ఒక్కో మిల్లీమీటరు వానకి 31.4 మిల్లీలీటర్ల నీళ్లు దిగుతాయి. మందులషాపులో దొరికే కొలగ్లాసుతో కొలిచి భాగిస్తే సరి. ఎకరం మీద ఒక మిల్లీమీటరు వాన పడితే నాలుగు వేల లీటర్లకు పైనే. డ్రిప్ ఎప్పుడు ఆపాలో నిర్ణయించుకోవడానికి ఈ లెక్క నీకు పనికొస్తుంది.

మూడోది వేళ. నువ్వెప్పుడు చదివావో రాయలేదు. మన దేశంలో వాన లెక్క ఉదయం ఎనిమిదిన్నరకి ముగుస్తుంది. నిన్న ఎనిమిదిన్నర నుంచి ఇవాళ ఎనిమిదిన్నర దాకా పడినదంతా ఇవాళ్టి తేదీ కింద రాస్తారు. నువ్వు తెల్లవారి ఆరింటికే చదివి, ఆ తర్వాత రెండు గంటలు వాన పడి ఉంటే అది పేపర్ అంకెలో ఉంటుంది, నీ అంకెలో ఉండదు. చాలా తగాదాలకి మూలం ఇదే.

ఇంకొకటి. వాన పడిన రోజు ఒక్కటే రాస్తే ఆ పుస్తకానికి సగం విలువే. పడని రోజు సున్నా రాయాలి. ఖాళీగా వదిలేస్తే ఆ రోజు వాన లేదా, నువ్వు ఊళ్లో లేవా అన్నది ఏడాది తర్వాత నీకే తెలియదు. ఊరెళితే "చూడలేదు" అని రాయి. తిరిగొచ్చాక గేజ్‌లో నీళ్లుంటే ఎన్ని రోజుల మొత్తమో పక్కన రాయి. రెండున్నర మిల్లీమీటర్లు దాటితేనే మన లెక్కలో వాన రోజు. 64.5 దాటితే భారీ వర్షం, 115.6 నుంచి అతి భారీ, 204.4 దాటితే అత్యంత భారీ వర్షం అంటారు. టీవీలో ఈ మాటలు వింటే ఇకమీద అంకెలు కూడా నీకు గుర్తొస్తాయి.

చిత్త, స్వాతి, విశాఖ, అనూరాధ కార్తెలు మనకి ప్రాణం. నెల్లూరు జిల్లా ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు లోపలే పడుతుంది. ఆ మూడు నెలలూ నీ పుస్తకం ఒక్కరోజు కూడా ఖాళీగా ఉండకూడదు. అయితే తోటలో ఎంత పడిందన్నదాన్ని బట్టి పెన్న సంగతి చెప్పడానికి చూడకు. 2021 నవంబరులో పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయిందంటే అది నెల్లూరులో పడిన వానకి కాదు, ఎగువన కడప, చిత్తూరు వైపు పడినదానికి.

ఆత్మకూరు నుంచి, గృహిణి: మా తమ్ముడు ఇల్లినాయ్‌లో ఉంటాడు. "ఇవాళ పది డిగ్రీలక్కా" అంటాడు. మనకి పదంటే ఊటీ కదా. ఇంకో రోజు మైనస్ పది అన్నాడు. అయినా ఆఫీసుకి వెళుతున్నాడట. నాకు ఒకటే టెన్షన్.

జవాబు: తమ్ముడు చెప్పేది ఫారెన్‌హీట్ అమ్మా. అందులోంచి 32 తీసేసి, ఐదుతో గుణించి తొమ్మిదితో భాగిస్తే మన సెల్సియస్. వాళ్ల పది మన మైనస్ 12. వాళ్ల మైనస్ పది మన మైనస్ 23. మైనస్ 40 దగ్గర రెండూ కలుస్తాయి, అక్కడ ఏ లెక్కలో చెప్పినా ఒకటే.

ఆ చలికి తగ్గ ఇళ్లూ బట్టలూ బళ్లూ వాళ్లకున్నాయి, అంతగా భయపడొద్దు. గాలి వీస్తే మాత్రం ఒంటికి తగిలే చలి ఇంకా ఎక్కువ. ముఖం, వేళ్లు కప్పుకోమని చెప్పండి, అతనికి ఈపాటికే తెలిసే ఉంటుంది. చికాగో ఊరి రికార్డు 1985 జనవరి 20న మైనస్ 27 ఫారెన్‌హీట్, మన లెక్కలో దాదాపు మైనస్ 33.

ఇల్లినాయ్ రాష్ట్రం మొత్తానికి రికార్డు చికాగోది కాదు, మౌంట్ కారల్ అనే చిన్న ఊరిది. 2019 జనవరి 31 ఉదయం అక్కడ మైనస్ 38 ఫారెన్‌హీట్ నమోదైంది. చదివింది నేను పైన చెప్పినలాంటి వాలంటీరు పరిశీలకులే. వెంటనే రికార్డు అని ప్రకటించలేదు. థర్మామీటరు సరిగ్గా ఉందా, పెట్టిన చోటు సరిగ్గా ఉందా, చుట్టుపక్కల ఊళ్ల అంకెలు దానికి దగ్గరగా ఉన్నాయా అని ఒక కమిటీ చూసి, ఆ తర్వాతే ఒప్పుకుంది. అంతకుముందు 1999లో కాంగర్‌విల్‌లో వచ్చిన మైనస్ 36 రికార్డు దాంతో పోయింది. పెద్ద విమానాశ్రయాల్లో అంత ఖరీదైన పరికరాలున్నా, రాష్ట్రం రికార్డు ఒక చిన్న ఊళ్లో ఓపిగ్గా రోజూ చదివేవాళ్ల పుస్తకంలోంచి వచ్చింది. నా దగ్గర చదివిన పిల్లలందరికీ చెప్పాలనిపించే సంగతి ఇది.

సింగరాయకొండ నుంచి, తొమ్మిదో తరగతి అమ్మాయి: మేడమ్, మా ఇంటి గోడకి థర్మామీటరు తగిలించాను. మే నెలలో మధ్యాహ్నం 47 చూపించింది. ఫోన్లో చూస్తే 41. టీవీలో ఒంగోలు 42 అన్నారు. ఏది నమ్మాలి? మా ఊరికి వడగాలి హెచ్చరిక ఎప్పుడిస్తారు?

జవాబు: తల్లీ, నీ థర్మామీటరు అబద్ధం చెప్పలేదు. అది గోడ వేడి చెప్పింది. మనకి కావాల్సింది గాలి వేడి. ఎండ తగిలిన గోడ, రేకుల కప్పు, సిమెంటు నేల, ఇవన్నీ వేడిని పీల్చుకుని దగ్గరున్నవాటికి అంటిస్తాయి.

గాలి వేడి మాత్రమే తెలియాలంటే థర్మామీటరుకి నీడ ఉండాలి, గాలి ఆడాలి, రెండూ ఒకేసారి. ఈ చిక్కుకి స్కాట్లాండులో లైట్‌హౌస్‌లు కట్టిన ఇంజనీరు థామస్ స్టీవెన్‌సన్ 19వ శతాబ్దంలో ఒక పెట్టె తయారుచేశాడు. తెల్లరంగు చెక్కపెట్టె, నాలుగు వైపులా కిటికీ రెక్కల్లాంటి ఏటవాలు పలకలు. లోపలికి ఎండ రాదు, గాలి వస్తుంది. తలుపు మన దగ్గర ఉత్తరం వైపు ఉంటుంది, తెరిచినప్పుడు కూడా ఎండ పడకుండా. ఇప్పటికీ అబ్జర్వేటరీల్లో అదే పెట్టె.

నువ్వు ఇంట్లో చేసుకోవాలంటే తెల్ల ప్లాస్టిక్ ప్లేట్లు కొన్ని తీసుకో. పైదాన్ని అలాగే ఉంచి, మిగతావాటికి నడిమధ్యలో రంధ్రం చేసి, బోర్లించి, ఒకదానికీ ఇంకోదానికీ మధ్య వేలెడు సందు ఉండేలా పొడుగు బోల్టులతో బిగించు. ఆ రంధ్రాల వరసలోకి డిజిటల్ థర్మామీటరు మొన దూర్చు. నేలకి నాలుగు, నాలుగున్నర అడుగుల ఎత్తున, మట్టి నేల మీద, గోడకి దూరంగా కర్రకి కట్టు. అప్పుడు చూడు, నీ అంకె ఒంగోలు అంకెకి దగ్గరికొస్తుంది. రాకపోతే అది నీ ఊరి అసలు తేడా, దాన్ని జాగ్రత్తగా రాయి.

ఫోన్లో కనిపించేది మీ ఊళ్లో ఎవరో కొలిచింది కాదు. చుట్టుపక్కల స్టేషన్ల సమాచారంతో కంప్యూటరు వేసిన అంచనా. సముద్రానికి దగ్గరున్న మీ ఊరి విషయంలో ఆ అంచనా ఒక్కోసారి చాలా తప్పుతుంది, ఎందుకంటే మీకు సముద్రపు గాలి ఉంది. మే చివర రోహిణి కార్తెలో పడమటి గాలి బలంగా వీస్తుంది. కొండలు దిగి, ఎండిన నేల మీద నడిచి వచ్చే పొడిగాలి అది. అది బలంగా ఉన్నన్నాళ్లూ సముద్రపు గాలిని ఒడ్డు దాటనివ్వదు. ఏ మూడింటికో నాలుగింటికో పడమటి గాలి సద్దుమణిగితే తూర్పు నుంచి చల్లగాలి దూసుకొస్తుంది. పది నిమిషాల్లో మూడు నాలుగు డిగ్రీలు పడిపోతుంది. మీ అమ్మమ్మకి ఆ గాలి ఎప్పుడు తిరిగిందో ఒంటికే తెలుస్తుంది. నువ్వు ఆ నిమిషం గడియారం చూసి రాసిపెట్టు. ఒక వేసవంతా రాస్తే మీ ఊరికి సముద్రపు గాలి ఏ వేళకి అందుతుందో చెప్పగలిగేది నువ్వే అవుతావు.

వడగాలి హెచ్చరికకి లెక్క ఇది. మైదానాల్లో ఉష్ణోగ్రత కనీసం 40 చేరాలి, తీరప్రాంతంలో 37 చేరాలి. దాంతోపాటు ఆ రోజుకి మామూలుగా ఉండేదానికన్నా నాలుగున్నర డిగ్రీలు ఎక్కువ ఉండాలి. ఆరున్నర దాటి ఎక్కువుంటే తీవ్ర వడగాలి. తీరానికి తక్కువ అంకె పెట్టడానికి కారణం తేమ. గాలిలో తేమ ఎక్కువైతే చెమట ఆరదు, చెమట ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. 41లో సముద్రానికి దూరంగా ఉన్న పొదిలి వాళ్లు పడే బాధ మీరు 37లోనే పడతారు.

అల్లూరు నుంచి, డెబ్భై దాటిన అమ్మగారు మనవరాలితో రాయించిన ఉత్తరం: చందమామ చుట్టూ గుడి కడితే వాన అంటారు కదమ్మా. దూరపు గుడికి దగ్గర వాన, దగ్గర గుడికి దూరపు వాన అని మా అత్త చెప్పేది. నిజమేనా?

జవాబు: పిన్నిగారూ, మీ అత్తగారు చూసి చెప్పిన మాటే. రెండు రకాల గుడులున్నాయి. చాలా ఎత్తున పల్చటి మబ్బులో మంచు పలుకులుంటాయి. వెన్నెల వాటిలోంచి వంగి పెద్ద వలయం కడుతుంది. దాని సైజు మారదు. చెయ్యి చాపి వేళ్లు బారగా విప్పితే బొటనవేలి నుంచి చిటికెనవేలి దాకా, అంత దూరంలో ఉంటుంది చంద్రుడికి. అదే దూరపు గుడి. తుఫాను గానీ పెద్ద ఉరుముల మబ్బు గానీ ఎక్కడో ఉంటే దాని తలమీంచి ఇలాంటి పల్చటి మబ్బు ముందుగా పరుచుకుంటుంది. అందుకే తర్వాత వాన రావడం కద్దు. చంద్రుణ్ణి ఆనుకుని రంగులుగా కనిపించే చిన్న గుడి నీటి బిందువులున్న మబ్బులో ఏర్పడుతుంది. దానికీ వానకీ అంత సంబంధం లేదు. ఇకమీద గుడి కనిపించిన రాత్రి తేదీ రాయించండి. రెండు రోజుల్లో వాన పడిందా లేదా పక్కన రాయించండి. మీ అల్లూరుకి ఆ సామెత ఎంత నిలుస్తుందో మీ దగ్గరే తేలుతుంది.

అమెరికాలో చికాగో, మినియాపొలిస్ ఉన్న ప్రాంతాన్ని మిడ్‌వెస్ట్ అంటారు. అక్కడ గట్టి చలి ఉన్న పొద్దున ఈ మంచు పలుకులు నేల దగ్గరే గాలిలో తేలుతుంటాయి. సూర్యుడికి రెండు పక్కలా ఇంకో రెండు సూర్యుళ్లు ఉన్నట్టు కనిపిస్తుంది. మనవరాలికి చెప్పండి.

తుమ్మలపెంట నుంచి, పడవ మీద పనిచేసే యువకుడు: మేడమ్, ఫోన్లో బారోమీటరు ఉంది. రోజూ సాయంత్రం పీడనం పడిపోతోంది. తుఫానా?

జవాబు: కాదు బాబూ. మన ప్రాంతంలో గాలి పీడనం రోజుకి రెండుసార్లు పెరిగి రెండుసార్లు తగ్గుతుంది. ఉదయం పది, రాత్రి పది దగ్గర ఎక్కువ, తెల్లవారుజామున నాలుగు, సాయంత్రం నాలుగు దగ్గర తక్కువ. ఆ తేడా మూడు నాలుగు మిల్లీబార్లు ఉంటుంది. మిడ్‌వెస్ట్‌లో అల్పపీడనాలు వరసగా వచ్చిపోతుంటాయి కాబట్టి అక్కడివాళ్లకి ఇది అంతగా కనపడదు. మనకి స్పష్టంగా కనపడుతుంది. కాబట్టి పొద్దుటి అంకెతో సాయంత్రం అంకె పోల్చకు. నిన్న సాయంత్రం నాలుగుతో ఇవాళ సాయంత్రం నాలుగుని పోల్చు. అదీ ఒకే చోట కూర్చుని. రెండంతస్తులు ఎక్కినా ముప్పావు మిల్లీబారు తగ్గుతుంది. ఒకే వేళకి రోజురోజుకీ దిగిపోతుంటే అప్పుడు ఆలోచించాలి.

1989 నవంబరులో మన కావలి దగ్గర తీరం దాటిన తుఫాను థాయిలాండ్ అవతల సముద్రంలో పుట్టింది. అక్కడ దాని పేరు గే. నవంబరు 4న థాయిలాండ్‌ని దాటి బంగాళాఖాతంలోకి దిగి, మళ్లీ బలం పుంజుకుని, 8, 9 తేదీల్లో మన మీదికి వచ్చింది. కొత్త టీచరుగా అప్పుడు కావలిలోనే ఉన్నాను. గాలి చప్పుడికి పక్కనున్న మనిషి మాట వినపడలేదు. తెల్లారి చూస్తే వీధిలో నిలబడిన కరెంటు స్తంభం లేదు, తాటిచెట్లు మొండేలైపోయాయి. ఇప్పుడైతే అలాంటిది రోజుల ముందే కనిపెడతారు. అందుకని నీ ఫోను అంకె బాగున్నా, వద్దన్న రోజు పడవ దింపకు. కృష్ణపట్నం రేవులో ఎగరేసే ప్రమాద సూచిక ఒకటి నుంచి పదకొండు దాకా ఉంటుంది. నీ బారోమీటరు నేర్చుకోవడానికి, ఆ సూచిక పాటించడానికి.

చీమకుర్తి నుంచి, గ్రానైట్ క్వారీ సూపర్‌వైజరు: మేడమ్, ఉరుములు మెరుపులు ఉన్నప్పుడు ఎనిమిదిన్నర అయితే గేజ్ చదవాలా? వేళ తప్పకూడదన్నారు కదా.

జవాబు: వద్దు. నీళ్లు గేజ్‌లోనే ఉంటాయి, ఎక్కడికీ పోవు. మెరుపుకీ ఉరుముకీ మధ్య సెకన్లు లెక్కపెట్టి మూడుతో భాగిస్తే పిడుగు ఎన్ని కిలోమీటర్ల దూరంలో ఉందో వస్తుంది. ఉరుము వినపడిందంటేనే మీరు దాని అందుబాటులో ఉన్నట్టు. క్వారీలో మనుషుల్ని కూడా అప్పుడే లోపలికి పిలవండి, ఇనుప యంత్రాలకీ గుట్ట అంచులకీ దూరంగా. ఫోన్లో దామిని యాప్ పెట్టుకుంటే చుట్టుపక్కల పిడుగులు చూపిస్తుంది, పుణెలోని ఐఐటీఎం అనే వాతావరణ పరిశోధన సంస్థ వాళ్లు చేసినది. చివరి ఉరుము తర్వాత అరగంట ఆగి వెళ్లి చదవండి. పుస్తకంలో "9:20కి చదివాను, ఉరుముల వల్ల" అని రాయండి.